తిరుపాలమ్మ బిడ్డకు సర్కారు ఈత

ముందు చప్పుడు వినిపించేది. తణ్, తణ్, తణ్. సత్తు పళ్ళెం మీద గరిటె పడే చప్పుడు. కంది సాళ్ళ మీదుగా, ఎండకు పగిలిన గుండ్ల మీదుగా, తిరగాలా వద్దా అని ఆలోచిస్తున్నట్టుండే గాలిమరల కిందుగా అది నడిచి వచ్చేది. బోడిగుట్టపల్లిలో గొర్రెలు ఆ చప్పుడుకు తలెత్తడం ఎప్పుడో మానేశాయి. పిల్లలు మాత్రం కుంట గట్టు మీద నుంచి చెల్లాచెదురయ్యేవాళ్ళు. "పళ్ళెమవ్వ వస్తాంది, పరిగెత్తండ్రా!" అని ఎవడో ఒకడు అరిచేవాడు. నవ్వులు చేలకు అడ్డం పడి పారిపోయేవి.

ఆ తర్వాత మనిషి కనబడేది. అవ్వ కాదు. నలభై కూడా నిండని, పొట్టి, గట్టి మనిషి. చీర మోకాళ్ళ దాకా ఎగ్గట్టి, ఎడమచేత పళ్ళెం, కుడిచేత గరిటె పట్టుకుని, ఊరేగింపు లేని ఊరేగింపులాగా ఒక్కతే వచ్చేది. పేరు తిరుపాలమ్మ. కుంట చుట్టూ తిరిగి, గట్టు మీద పిల్లల చెప్పులు ఏమైనా మిగిలాయేమో చూసి, నీళ్ళ వైపు మాత్రం చూడకుండా ఇంకో కుంట వైపు వెళ్ళిపోయేది. కుంటల్లో నీళ్ళున్నన్నాళ్ళూ మధ్యాహ్నాలు అదే ఆమె పని. నీళ్ళు ఎండిపోతే ఆమెకు తీరిక. ఈ నేల మీద కరువు వస్తే ఊపిరి పీల్చుకునే మనిషి ఆమె ఒక్కతే.

ఆ కుంటల్లో పెద్దది జయరాముడి చేనిలో ఉంది. దాన్ని తవ్విన చేతుల్లో తిరుపాలమ్మ చేతులు కూడా ఉన్నాయి. కరువు పని కింద సర్కారు తవ్వించింది. వాన నీళ్ళు నిలబెట్టుకుంటే రైతు బాగుపడతాడని చెప్పారు. ఎర్రమట్టి గంపలకెత్తుకుని మోసేటప్పుడు ఆమె కొడుకు తిప్పేష్ ఆ గుంత అంచున కూర్చుని మట్టితో లారీలు చేసుకునేవాడు. గుంత తయారైంది. వాన రాలేదు. ఆ ఏడూ రాలేదు, మరుసటేడూ రాలేదు. నీళ్ళ కోసం తవ్వించిన గుంత పిల్లలకు జారుడుబండ అయింది. ఎరువుల సంచి పిర్రల కింద వేసుకుని గట్టు మీద నుంచి అడుక్కి జారేవాళ్ళు. అందరికంటే దూరం జారేది తిప్పేషే. కళ్ళు మూసుకుని జారేవాడు. అది వాడి గొప్ప.

అట్లాంటిది ఒక ఏడు వాన వచ్చింది. వచ్చిందంటే ఆకాశం తన అప్పులన్నీ ఒక్క రాత్రిలో తీర్చుకున్నట్టు వచ్చింది. వజ్రకరూరు చుట్టుపక్కల తొలివాన పడితే మనుషులు మబ్బుల వైపు చూడరు, నేల వైపు చూస్తారు. వాన మట్టిని కడుగుతుంది. కడిగిన మట్టిలో ఏదో ఒక రాయి మెరవచ్చు. ఎవరికో ఎప్పుడో వజ్రం దొరికిందట. ఆ "అట" కోసం ఊరు ఊరంతా నడుములు వంచి, ముక్కులు నేలకానించి, ఎర్రచేలల్లో తిరుగుతుంది. ఆ పొద్దున తిరుపాలమ్మ కూడా తిరిగింది. చేతిలో ఏదో మెరిసినట్టుంటే కొంగుతో తుడుచుకుంటూ ఉంది. అప్పుడు కుంట వైపు నుంచి కేక వినిపించింది. తుడిచింది రాయో, గాజు పెంకో ఆమెకు ఇప్పటికీ తెలియదు. అక్కడే వదిలేసి పరిగెత్తింది.

తిప్పేష్ ఎప్పటిలాగే సంచి వేసుకుని, కళ్ళు మూసుకుని జారాడు. కుంటలో నీళ్ళు మట్టి రంగులోనే ఉన్నాయి. నిన్నటిదాకా ఆడుకున్న చోటు ఈ పొద్దు తనది కాదని ఎనిమిదేళ్ళ పిల్లవాడికి ఎవరూ చెప్పలేదు. చెప్పాలని తోచే మనిషి కూడా ఊళ్ళో లేడు. తాతల కాలంలో మోటబావులుండేవి. బెండులాగా తేలే ఎండిన కిత్తనార మాను ముక్క నడుముకు కట్టి పిల్లల్ని బావిలోకి తోసేవాళ్ళు. తేలేవాళ్ళు, నేర్చుకునేవాళ్ళు. ఆ బావులు ఎండి, వాటిలో కంపచెట్లు మొలిచి, రెండు తరాల వాళ్ళు నీళ్ళలో కాళ్ళు ఆడించడమే మర్చిపోయారు. గట్టు మీద ఆ పొద్దున మగవాళ్ళు చాలామందే ఉన్నారు. దిగడానికి ఒక్కడూ లేడు.

మిగిలింది కూతురు జయంతి. తిరుపాలమ్మ ఆ పిల్లకు అన్నంతోపాటు భయం పెట్టింది. "కుంట కాడికి పోతే నీళ్ళ కింద మీయన్న ఉండాడు. కాలు పట్టుకుంటాడు" అని చెప్పింది. ఒకసారి కాదు, రోజూ చెప్పింది. రాయదుర్గంలో జీన్స్ ప్యాంట్లు కుట్టే చోట పనిచేసే మొగుడు సోమప్ప, సెలవుకు వచ్చినప్పుడు ఆ మాట విని అన్నం కలిపే చెయ్యి ఆపేశాడు.

"సచ్చినోన్ని దయ్యం చేస్తాండావు కదే."

"చేస్తాండా. దయ్యమైనా చెల్లెల్ని కాపాడనీ."

సోమప్ప కలిపిన అన్నం వదిలేశాడు. చెయ్యి కడుక్కుని లేచాడు.

ఇంతలో కొత్త పథకం వచ్చింది. వానలు బాగా పడిన ఏడు జిల్లాలో చాలా చోట్ల పిల్లలు మునిగిపోయారని, ఆరేళ్ళ నుంచి పదేళ్ళ లోపు పిల్లలకు సర్కారే సబ్సిడీ ఇచ్చి ఈత నేర్పిస్తుందని చెప్పడానికి టౌను నుంచి ఒక మనిషి వచ్చాడు. బడి వరండాలో కూర్చోబెట్టి చెప్పాడు. వినేవాళ్ళకు నవ్వొచ్చింది.

"చెనిక్కాయలకు సబ్సిడీ, పైపులకు సబ్సిడీ, గుంత తవ్వను సబ్సిడీ. ఇప్పుడు ఆ గుంతలో మునగకుండేదానికీ సబ్సిడీనా?" అన్నాడు జయరాముడు.

"ఈత మాకొద్దు సార్, ఆ దుడ్లు చేతికిస్తారా?" అని వెనక నుంచి ఎవరో అడిగారు.

"ఈత నేర్చుకుని యాడ ఈదాల సార్? దుమ్ములోనా?" అని ఇంకొకరు.

అందరూ నవ్వారు. తిరుపాలమ్మ నవ్వలేదు. కూతురి చెయ్యి పట్టుకుని మనుషుల్ని తోసుకుంటూ ముందుకొచ్చింది. "మా పాప పేరు జయంతి. రాసుకో సార్. మొదట రాసుకో."

ఈత బడి ఎండాకాలం సెలవుల్లో పెట్టారు. పిల్లలకు బడి ఉండదు గనక అదే వీలని ఎక్కడో ఫ్యాను కింద కూర్చుని ఎవరో అనుకున్నారు. అప్పటికి కుంటలన్నీ ఎండి, అడుగున బంకమట్టి పెంకులు పెంకులుగా లేచి ఉంది. ఉరవకొండ నుంచి లారీ మీద ఒక పెద్ద నీలం తొట్టి వచ్చింది. ఇనుప కమ్మీలు నిలబెట్టి, దాని లోపల మందపాటి నీలం పట్టా దిగేశారు. కాంట్రాక్టు తీసుకున్న కంపెనీ ట్యాంకరుతో నీళ్ళు పోయించింది. బడి ఆవరణలో, వేపచెట్టు నీడ కూడా సరిగా పడని చోట, ఆకాశం ఒక ముక్క ఊడిపడి నిలబడినట్టుంది అది. ఊరంతా వచ్చి చూసింది. ఆడవాళ్ళు వేళ్ళు ముంచి, తడి వేళ్ళు కళ్ళకద్దుకున్నారు.

నేర్పడానికి వచ్చిన కుర్రవాడి పేరు చైతన్య. కంపెనీ జీతగాడు. మంచివాడే. "నెల పడుతుందని చెప్పినానక్కా. దాంట్లో సగం చాలన్నారు" అని మొదటి రోజే తిరుపాలమ్మతో అన్నాడు. ఆమె ఆ మాటను పెద్దగా పట్టించుకోలేదు. నీళ్ళ వంకే చూస్తోంది. రెండేళ్ళ తర్వాత మొదటిసారి నీళ్ళ వంక చూస్తోంది.

మిగతా పిల్లలు దూకారు, తన్నుకున్నారు, ముక్కుల్లోకి నీళ్ళు పోయి ఏడ్చి మళ్ళీ దూకారు. జయంతి తొట్టి అంచు పట్టుకుని వదలలేదు. రెండో రోజూ వదలలేదు. చైతన్య మోకాళ్ళ మీద కూర్చుని అడిగాడు.

"ఏం పాపా? ఎందుకు భయం?"

"లోపల మాయన్న ఉండాడు."

చైతన్య తలెత్తి తిరుపాలమ్మను చూశాడు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

మరుసటి రోజు ఆమె చీరతోనే తొట్టిలోకి దిగింది. గోడ దగ్గర నిలబడ్డ ఆడవాళ్ళు పకపకా నవ్వారు. "యేమ్మే తిరుపాలూ, నీకూ సబ్సిడీ ఇచ్చినారా?" అని పక్కింటి లక్ష్మీదేవమ్మ కేకేసింది. తిరుపాలమ్మకు నీళ్ళు నడుము దాకా వచ్చాయి.  వంగి, రెండు చేతులూ నీళ్ళ అడుగుకు పెట్టి, నీలం పట్టా మీద తడుముతూ తొట్టి చుట్టూ తిరిగింది. చీకట్లో పడిపోయిన వస్తువును వెతుక్కునేవాళ్ళలాగా మూల మూలా తడిమింది. "చూడమ్మా. యాడ ఉండాడు? ఈడ లేడు. ఆడా లేడు. యాడా లేడు." ఆ మాటలు కూతురికి చెప్తోందా, తనకు చెప్పుకుంటోందా అన్నది చూసేవాళ్ళకు అర్థం కాలేదు. ఆడవాళ్ళ నవ్వు ఆగిపోయింది. ఆమె నిలబడి ఖాళీ చేతులు పైకెత్తి చూపించింది. వేళ్ళ చివరల నుంచి నీళ్ళు కారాయి.

జయంతి చాలాసేపు ఆ చేతుల్ని చూసింది. తర్వాత ఒక కాలు తొట్టిలో పెట్టింది.

అక్కడి నుంచి తిరుపాలమ్మ బతుకులో కొన్ని దినాలు నీలం రంగులో గడిచాయి. కూలికి పోయి, మధ్యాహ్నం గంజి తాగి, బడికి వచ్చి గోడ నీడన కూర్చునేది. చైతన్య పిల్లను వెల్లకిలా పడుకోబెట్టి, వీపు కింద అరచెయ్యి పెట్టేవాడు. "ఆకాశం చూడు పాపా. చెవులు మునగనీ. ఏం కాదు." ఒక సాయంత్రం ఆ చెయ్యి మెల్లగా పక్కకు జరిగింది. పిల్లకు తెలియదు. నీళ్ళు ఆ బక్క ఒళ్ళును మోశాయి. రెండు జడలు రెండు వైపులా విచ్చుకుని, కళ్ళల్లో పలచటి సాయంత్రం నిండి, ఏ బరువూ లేని దానిలాగా జయంతి తేలింది. నాలుగైదు ఊపిర్లు. అంతే. చెయ్యి మళ్ళీ కిందికి వచ్చేసింది. ఒకే కడుపున పుట్టిన ఇద్దరిలో ఒకరిని ముంచిన నీళ్ళు ఇంకొకరిని ఎత్తి చూపించాయి. తిరుపాలమ్మ గోడకు తల ఆనించి, శబ్దం లేకుండా ఏడ్చింది.

ఊరి బోరు మోటరు కాలిపోయింది ఆ మరుసటి రోజే.

బాగుచేసేవాడు రేపన్నాడు, ఎల్లుండన్నాడు. ఊరికి రావలసిన ట్యాంకరు రాలేదు. కుళాయి దగ్గర బిందెలు వరుసలో నిలబడి నిలబడి ఎండకు కాలాయి. బడి ఆవరణలో మాత్రం తొట్టి నిండా నీళ్ళు. నీలంగా, నిమ్మళంగా, ఎవరినీ ఎరగనట్టు ఉన్నాయి. ఇంక ఒక్క వారం ఉంటే చాలు, చేతులు ఆడించడం కూడా వచ్చేస్తుందని చైతన్య అన్నాడు. తిరుపాలమ్మకు ఆ వారం కావాలి. ప్రపంచంలో ఆమెకు కావలసింది అదొక్కటే.

సాయంత్రం చైతన్య మోటారుసైకిలెక్కి వెళ్ళిపోయాక ఆడవాళ్ళు బిందెలతో వచ్చారు. ముందు లక్ష్మీదేవమ్మ. తిరుపాలమ్మ తొట్టికి వీపు ఆనించి చేతులు చాపి నిలబడింది.

"జరుగు తిరుపాలూ."

"జరగను వదినా. ఒక్క వారం. మీ కాళ్ళు మొక్కుతా."

"వారం నీళ్ళు తాగకుండా నువ్వుంటావా? నీ ఇంట్లో కడవలో ఉండాయా నీళ్ళు?"

"లేవు."

"మరి? మా కోడలు పచ్చి బాలింత. పసిబిడ్డకు నీళ్ళు పోసి రెండు దినాలాయ. ఎనుము నాలిక బయట ఏసుకోనుండాది."

"బిడ్డలు ఈత నేర్చుకుంటాండారు వదినా. మళ్ళా వాన వస్తే..."

"వాన!" లక్ష్మీదేవమ్మ గొంతు చీలింది. "నీ కొడుకు నీళ్ళు ఎక్కువై పోయినాడు. మేము నీళ్ళు లేక పోతాండాము. నీకొచ్చింది కష్టం, మాకొచ్చింది కాదా? యాడో రాని వాన కోసం ఈ పొద్దు నోరు కట్టుకోమంటావా?"

తిరుపాలమ్మ తొట్టికి వీపు ఇంకా గట్టిగా ఆనించింది.  ఆమె జరగలేదు. తొట్టి గుండ్రంగా ఉంది, మనిషి ఒక్కతే. మిగతావాళ్ళు అవతలి వైపు నుంచి ముంచుకున్నారు. బుడుంగ్, బుడుంగ్ అని బిందెలు మునిగే చప్పుడు ఆమె వీపుకు తగులుతూనే ఉంది. ఎవరూ ఆమెను తిట్టలేదు, తొయ్యలేదు. పొద్దు గూకే వేళకు నీలం పట్టా ముడతలు తేలి, అడుగున ఇంత తడి మిగిలింది. పోయేటప్పుడు లక్ష్మీదేవమ్మ ఒక బిందె ఆమె కాళ్ళ దగ్గర పెట్టింది. "తీసుకోనిపో. నీకూ ఇల్లుండాది."

ఆ నీళ్ళలో మందు కలిపి ఉంది. పిల్లలకు రోగాలు రాకుండా చైతన్య రోజూ కలిపేవాడు. ఎనుము మూతి పెట్టి, ఫుర్రుమని, మొహం తిప్పుకుంది. మనుషులు కూడా తాగలేకపోయారు. అంట్లు తోమడానికీ, గుడ్డలు తడపడానికీ పోయాయి నీళ్ళు. మోటరు బాగుచేసేవాడు తెల్లవారి వచ్చాడు.

చైతన్య వచ్చి ఖాళీ తొట్టి చూసి ఫోను చేశాడు. అవతలి మాటలు వింటూ చాలాసేపు నేల మీద చెప్పుతో గీతలు గీశాడు. మళ్ళీ నీళ్ళు పోయించడం కుదరదట. ఆ మధ్యాహ్నమే కారు వచ్చింది. పిల్లల్ని వరుసగా నిలబెట్టి అందరి మెడల్లో ఎర్ర రిబ్బను, దానికి బంగారు రంగు బిళ్ళ వేశారు. బిళ్ళ మీద చేప బొమ్మ. ఫొటోలు తీశారు. తొట్టి కనబడకుండా నిలబడమన్నారు.

తొట్టి మడతపెట్టి లారీకెక్కించేటప్పుడు చైతన్య తిరుపాలమ్మ దగ్గరికి వచ్చాడు. "అక్కా, పాపకు ఇంకా రాలేదు. తేలేది ఒకటే వచ్చింది. అదీ కింద నా చెయ్యి ఉంటేనే. నీళ్ళ దగ్గరికి మాత్రం పంపద్దు."

"మరి మెడలో బిళ్ళ ఎందుకేసినావప్పా?"

"అందరికీ వెయ్యమన్నారక్కా."

ఆమె ఆ కుర్రవాణ్ణి తిట్టలేదు. తిడితే అతనికి కాస్త సులువయ్యేది.

జయంతి ఆ బిళ్ళ మెడలో వేసుకునే తిన్నది, వేసుకునే పడుకున్నది. "నాకు ఈతొచ్చుమా" అని నిద్రలో కూడా అన్నది. భయం పోయింది. ఈత రాలేదు. ఆ రెండింటి మధ్య తన బిడ్డ నిలబడి ఉందని తిరుపాలమ్మకు తెలుసు. ఈ మాట సోమప్పతో ఫోనులో చెబితే, "మంచిదే కదే, భయం పోయిందిలే" అన్నాడు. మిషన్ల రొదలో అతనికి సగమే వినిపించింది.

ఆ ఏడు వాన తొందరగా వచ్చింది. కుంటలు నిండాయి. ఊరు మళ్ళీ నడుములు వంచి చేలల్లోకి వెళ్ళింది. తిరుపాలమ్మ పళ్ళెం తీసుకుని బయల్దేరితే పిల్లలు పారిపోలేదు. మెడల్లో బిళ్ళలు తళతళలాడించుకుంటూ ఆ దెబ్బకు అడుగులు వేసి ఎగిరారు. "మాకు ఈతొచ్చు పళ్ళెమవ్వా! సర్కారోల్లు నేర్పినారు!" ఒకడు నీళ్ళ అంచుకు దిగి కాలు ఆడించి చూపించాడు. ఆ గుంపులో జయంతి ఉంది. చీలమండల దాకా నీళ్ళలో ఉంది.

"రా ఇట్ల! రావే!"

పిల్ల భయపడలేదు. నవ్వింది. "ఏం కాదుమా. అన్న లేడు కదా నీళ్ళలో. నువ్వే వెతికి చూపించినావు."

తిరుపాలమ్మ చేతిలోని పళ్ళెం గట్టు మీద పడింది. ఆమె నీళ్ళలోకి నడిచింది. తాను మట్టి మోసి తవ్విన గుంతలోకి, నీళ్ళు నిండాక మొదటిసారి. కూతురి జబ్బ పట్టుకుంది. పిల్ల అమ్మ కూడా ఆడడానికి వచ్చిందనుకుని ఇంకా నవ్వుతూనే ఉంది. ఆ నవ్వుతున్న తలను రెండు చేతులా పట్టుకుని తిరుపాలమ్మ నీళ్ళలోకి అదిమింది. చిన్న చేతులు ఆమె చీరను, జుట్టును, గాలిని పట్టుకున్నాయి. పైకి తీసింది. పిల్ల ఊపిరి అందక నోరు తెరిచేలోగా మళ్ళీ అదిమింది. గట్టు మీద పిల్లలు కేకలు పెట్టి పారిపోయారు. రెండోసారి పైకి తీసినప్పుడు జయంతి కళ్ళల్లో, తొట్టిలో పోయిన భయం తిరిగి వచ్చి ఉంది. అది చూశాక ఆమె బిడ్డను భుజాన వేసుకుని గట్టెక్కింది. ఎర్రరిబ్బను ఎక్కడో జారిపోయింది. ఇద్దరూ వెతకలేదు.

ఊళ్ళో చాలా మాటలు అన్నారు. పిచ్చెక్కిందన్నారు. సోమప్ప పని వదిలేసి వచ్చాడు, రెండు దినాలుండి మళ్ళీ బస్సెక్కాడు. లక్ష్మీదేవమ్మ మాత్రం వచ్చి పిల్ల చెయ్యి పట్టుకుని తీసుకుపోయింది. జయంతిని తన ఇంట్లో పడుకోబెట్టుకుంది.

ఈ సంగతులు అడిగి రాసుకోవడానికి వచ్చిన బయటూరి మనిషికి తిరుపాలమ్మ వాకిట్లో గోనె పరిచి కూర్చోమంది. విత్తనం కాయలు ఒలుస్తూనే అన్నీ చెప్పింది. పక్కింటి అరుగు మీద లక్ష్మీదేవమ్మ జయంతి తల దువ్వుతోంది. తలస్నానం చేయించబోతే పిల్ల ఊరంతా వినబడేట్టు ఏడుస్తుందట, అందుకని పొడిగానే చిక్కు తీస్తోంది. తిరుపాలమ్మ లేచి నిలబడగానే పిల్ల దువ్వెన సగంలో వదిలించుకుని లోపలికి పరిగెత్తింది. తలుపు మూసుకుంది. వాన మళ్ళీ మొదలయ్యేలా ఉంది. తిరుపాలమ్మ ఆ మూసిన తలుపు వైపు చూస్తూ ఒడిలోని పొట్టు దులుపుకుంది.

"నీళ్ళను చూస్తే భయపడతాంది సార్. నన్ను చూసినా భయపడతాంది. పడనీ. భయపడేదానికి బిడ్డ ఉండాది కదా."